బడి గ్రౌండులో మీటర్ గేజ్ లైను: టోకెన్, చెయ్యి సిగ్నళ్లు, బొగ్గు ఇంజను ఆడి నేర్చుకోవడం ఎలా

మహబూబ్‌నగర్ స్టేషన్‌కు ఇప్పుడు పోతే పైన కరెంటు తీగలు, పక్కన రంగు లైట్ల సిగ్నళ్లు కనిపిస్తాయి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా ద్రోణాచలం పోయే ఈ దారి నిజాం కాలంలో వేసిన మీటర్ గేజ్ లైను. 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. బొగ్గు ఇంజను, వైరు లాగితే వంగే ఇనుప చెయ్యి సిగ్నలు, ఈ లైనులోకి పోవచ్చని డ్రైవరుకు గుర్తుగా ఇచ్చే, రింగు సంచిలో వేలాడే టోకెన్, ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. వాళ్లు చెప్తుంటే పిల్లలు బాగానే వింటారు కానీ పని ఎలా జరిగేదో మాత్రం పట్టుబడదు. ఒకే పట్టా మీద రెండు వైపుల నుంచి రైళ్లు ఎట్లా నడిచాయి, గుద్దుకోకుండా ఎవరు ఆపారు అనేది ఆడి చూస్తేనే తలకెక్కుతుంది.

ఈ ఆటకు పెద్ద ఖర్చు లేదు. బడి గ్రౌండు, పదిహేను మంది పిల్లలు, ఒక ఆదివారం ఉంటే చాలు. సామాన్లు సిద్ధం చేయడానికి మాత్రం ముందు వారం కొన్ని సాయంత్రాలు పెట్టుకోండి. టీచర్లు, యువజన సంఘాల వాళ్లు, ఇంట్లో రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలు ఉన్నవాళ్లు ఎవరైనా చేయించవచ్చు. ఏడో తరగతి దాటిన పిల్లలైతే హాయిగా ఆడతారు.

ముందే ఒక మాట. అందరూ డ్రైవరే అవుతామంటారు. అసలు గట్టి పని ఇద్దరు స్టేషన్ మాస్టర్లది. మాటల్లో తడబడని, ఎవరో తొందరపెడితే తొందరపడని పిల్లలను ఆ కుర్చీల్లో కూర్చోబెట్టండి. గోల చేసేవాళ్లను రైలు పెట్టెలు చేయండి.

గ్రౌండు గీయడం

ముగ్గు పిండితో ఒకే గీత గీయండి. అరవై వేతలు చాలు, వేత అంటే ఒక అంగ. ఈ కొస జడ్చర్ల, ఆ కొస మహబూబ్‌నగర్. మధ్యలో దివిటిపల్లి ఉంది కానీ ఆటకు దాన్ని తీసేద్దాం, రెండు స్టేషన్లు అర్థమైతే మూడోది తర్వాత కలుపుకోవచ్చు. ప్రతి స్టేషన్‌లో మెయిన్ లైను పక్కన, రైలు తప్పుకుని నిలబడే లూప్ లైను గీయండి. రెండు గీతలు కలిసే చోట ఒక చెక్క పలకను మేకు మీద తిరిగేలా పెడితే అవే పాయింట్లు, అంటే రైలును ఏ గీత మీదికి మళ్లించాలో తేల్చేవి.

నల్లగొండ వైపు వాళ్లు నల్లగొండ, మిర్యాలగూడ అని పేర్లు పెట్టుకోండి. ఆ లైను మొదటి నుంచీ బ్రాడ్ గేజే, అంటే పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. మీటర్ గేజ్ అంటే పేరులోనే ఉంది, 1000 మిల్లీమీటర్లు. ఆటకు గేజుతో పని లేదు. సింగిల్ లైను నియమం రెండింటికీ ఒకటే.

ఇదంతా బడి గోడల లోపలే. అసలు పట్టాల దగ్గర ఫొటోలకని కూడా పిల్లలను తీసుకుపోవద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అది పక్కన పెట్టినా, కరెంటు ఇంజను వచ్చే చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినపడదు.

సిగ్నల్ చెయ్యి

ఈ పని తీరుబాటుగా చేయండి. ఒక్కో స్టేషన్‌కు మూడు సిగ్నళ్లు కావాలి. వచ్చే రైలుకు ముందు ఎదురయ్యే ఔటరు, దాని లోపల హోము, పోయే రైలుకు స్టార్టరు. గ్రౌండులో ఒక వేత అంటే 100 మీటర్లు అనుకుందాం. హోముకు నాలుగు వేతల బయట ఔటరు నిలబెట్టండి. ఈ నాలుగు ఊరికే చెప్పింది కాదు. ఇలాంటి రెండు సూచనల ('ఆగు', 'పో') సిగ్నళ్లున్న స్టేషన్‌లో లైన్ క్లియర్ ఇవ్వాలంటే, అంటే అవతలి స్టేషన్‌ను రైలు పంపమనాలంటే, మొదటి ఆపే సిగ్నల్ లోపల కనీసం 400 మీటర్లు ఖాళీగా ఉండాలని రైల్వే నియమం. డ్రైవరు లెక్క తప్పి ఔటరు దాటి జారినా ఎవరినీ గుద్దకుండా ఆగేందుకు ఆ జాగా.

ఆరడుగుల వెదురు కర్ర స్తంభం. ప్లైవుడ్ ముక్క, మూరెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. డ్రైవరుకు కనిపించే ముఖం ఎరుపు, కొస దగ్గర తెల్ల పట్టీ. వెనక ముఖం తెలుపు, నల్ల పట్టీ. డ్రైవరు వైపు నుంచి చూస్తే చెయ్యి స్తంభానికి ఎడమ పక్కన ఉండాలి. బోల్టు రంధ్రం చెయ్యి మధ్యలో వేయకండి, మూడో వంతు దగ్గర వేయండి. పొడుగు వైపు చెయ్యి, పొట్టి వైపు అద్దాలు. పొట్టి వైపు రెండు పెద్ద కన్నాలు చేసి పైదానికి ఎర్ర జిగేలు కాగితం, కిందిదానికి ఆకుపచ్చ కాగితం అంటించండి. వెనక స్తంభానికి టార్చి కట్టండి. చెయ్యి అడ్డంగా ఉన్నప్పుడు టార్చి ముందు ఎరుపు ఉంటుంది. చెయ్యి కిందికి వంగితే పొట్టి వైపు పైకి లేచి ఆకుపచ్చ వస్తుంది. మీ దగ్గర కిరసనాయిలు దీపం ఉండి అదే పెడదామంటే ఆకుపచ్చ బదులు నీలం కలిసిన కాగితం వాడండి. పసుపు మంట మీద నీలపు అద్దం ఆకుపచ్చగా కనిపిస్తుంది, పాత సిగ్నళ్ల అద్దాలూ అలాగే ఉండేవి.

ఇప్పుడు అసలు కిటుకు. పొట్టి వైపు ఇనుప నట్లు కట్టుకుంటూ పోండి, పొడుగు చెయ్యి కన్నా అది బరువయ్యేదాకా. చేత్తో వంచి వదిలితే చెయ్యి దానంతటదే లేచి అడ్డంగా నిలవాలి, అక్కడ ఆగడానికి ఒక మేకు కొట్టండి. సైకిల్ బ్రేక్ వైరు పొడుగు వైపు, బోల్టుకు దగ్గరగా కట్టి స్తంభం వెంట కిందికి దించి, కప్పీ మీదుగా లీవర్‌కు పట్టుకుపోండి. లీవర్ లాగితే చెయ్యి 45 నుంచి 60 డిగ్రీలు వంగుతుంది. అదే 'పో' అని. వదిలితే అడ్డం, అంటే 'ఆగు'.

అన్నీ బిగించాక పిల్లలందరి ముందు వైరు మధ్యలో కొక్కెం ఊడదీయండి. చెయ్యి టక్కున లేచి అడ్డంగా నిలవాలి. లేవకపోతే ఆ సిగ్నలు పనికిరాదు, ఇంకో రెండు నట్లు కట్టండి. పాత రైల్వేలో దేన్ని ముట్టుకున్నా ఈ ఆలోచనే దొరుకుతుంది: తెగితే, విరిగితే, ఊడితే రైలు ఆగాలి కానీ పోకూడదు. మొదటి అరగంటలోనే పిల్లలకు ఇది కంటికి కనిపిస్తే మిగతాదంతా చెప్పడం తేలిక.

ఎండాకాలం చేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పాలమూరు మే నెల ఎండకు పొడుగు వైరు సాగి, మధ్యాహ్నానికి లీవర్ పూర్తిగా లాగినా చెయ్యి సగమే వంగుతుంది. సగం వంగిన చేతిని డ్రైవరు ఏమనుకోవాలి? ఆగు అనే అనుకోవాలి. నిజం స్టేషన్లలో వైరు బిగువు సరిచేసే ఏర్పాటు క్యాబిన్‌లోనే ఉండేది. మీరు ఒక స్క్రూ కొక్కెం పెట్టుకోండి.

లీవర్ల వరస

ప్రతి స్టేషన్‌లో ఐదు లీవర్లు. రంగులు ఇష్టమొచ్చినట్టు వేయొద్దు. ఆపే సిగ్నళ్లు మూడింటికీ ఎరుపు, పాయింట్లకు నలుపు, పాయింట్ల తాళానికి నీలం. గేటు కూడా పెడితే దాని లీవరు గోధుమ రంగు, ఖాళీ లీవరు తెలుపు.

లాగే వరస మారకూడదు. ముందు నలుపు, తర్వాత నీలం, చివరికి ఎరుపు. దారి కుదిరాలి, దానికి తాళం పడాలి, అప్పుడే డ్రైవరును రమ్మనాలి. తిరిగి పెట్టేటప్పుడు తలకిందులు. నోటితో చెప్తే పిల్లలు మర్చిపోతారు, కాబట్టి చెక్కతోనే చెప్పించండి. నీలం లీవర్ లాగితేనే పక్కకు జరిగే చెక్క చీలను హోము లీవర్‌కు అడ్డంగా పెట్టండి. హోము లాగి ఉన్నంతసేపు అదే చీల నీలాన్ని వెనక్కి పోనీయకుండా పట్టాలి. వడ్రంగి పని వచ్చిన నాన్నలెవరైనా ఉంటే గంటలో చేసిపెడతారు.

ముందు కర్రతో ఆడండి

పెట్టెలు, తాళాలు తెచ్చే ముందు ఒక్క కర్రతో మొదలుపెట్టండి. నియమం ఒకటే: కర్ర చేతిలో ఉన్న డ్రైవరే సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య దారిలోకి పోవాలి. కర్ర ఒకటే కాబట్టి రైలూ ఒకటే. పిల్లలకు బాగా నచ్చుతుంది, చాలా భద్రంగానూ అనిపిస్తుంది.

రెండు మూడు రైళ్లు అటూ ఇటూ నడిచాక జడ్చర్ల నుంచి వరసగా రెండు రైళ్లు పంపమనండి. మొదటి రైలు కర్రను పట్టుకుపోయింది. రెండో డ్రైవరు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. "సార్, లైను ఖాళీగనే ఉంది, పోనా?" అంటాడు. స్టేషన్ మాస్టర్ పోనిస్తాడా లేదా చూడండి. ఎవరో ఒకరు "కర్రను నడిచొచ్చి ఇచ్చిపోండ్రి" అంటారు. ఆ చిక్కు తీర్చడానికే రెండు చివర్లా జంట యంత్రాలు పెట్టి, వాటిని కరెంటు తీగతో కలిపారు. మన దేశంలో ఎక్కువగా వాడింది నీల్స్ బాల్ టోకెన్ యంత్రం. రెండు వైపులా ఇనుప బంతులు బోలెడు ఉంటాయి, కానీ ఒక సెక్షన్‌కు ఒక్క సమయంలో ఒక్క బంతే బయటికి వస్తుంది.

బంతి పెట్టెలు, కరెంటు పిల్లాడు

రెండు చెక్క పెట్టెలు, ఒకే తాళం చెవితో తెరుచుకునే రెండు తాళాలు కావాలి. చెవి మాత్రం ఒక్కటే ఉండాలి, రెండోది మీ జేబులో పెట్టుకోండి. పెట్టె పైన బంతి పట్టేంత కన్నం పెట్టండి. హుండీలో డబ్బులు పడ్డట్టు బంతి లోపలికి ఎప్పుడైనా పడొచ్చు, బయటికి రావాలంటే చెవి కావాలి. తాళం తీశాక చెవిని తాళానికే వదిలేయాలి. ఒక్కో పెట్టెలో నాలుగు బంతులు. ప్రతి బంతి మీద రెండు స్టేషన్ల పేర్లు, ఒక నంబరు రాయండి. నిజం టోకెన్ మీద స్టేషన్ కోడ్ అక్షరాలు ఉంటాయి, మహబూబ్‌నగర్‌ది ఎంబీఎన్ఆర్, జడ్చర్లది జేసీఎల్, నల్లగొండది ఎన్ఎల్డీఏ.

మధ్యలో చెవి పట్టుకుని ఒక పిల్లవాడు నిలబడతాడు. వాడి పేరు కరెంటు. వాడికి సొంత బుర్ర ఉండకూడదు. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే ఇవతలి స్టేషన్‌కు చెవి ఇస్తాడు. బంతి ఏదో ఒక పెట్టెలో పడి గంట వినపడితేనే చెవి వెనక్కి తీసుకుంటాడు. అడిగినవాడు తనంతట తాను బంతి తీయలేడు, ఒప్పుకున్నవాడు ఆ రైలు వచ్చేదాకా ఎదురు రైలు పంపలేడు. ఇద్దరు మాస్టర్లలో ఒకరు నిద్రలో ఉన్నా, ఒకరు మొండివాడైనా సెక్షన్‌లోకి రెండో రైలు రాదు.

ఆట సాగుతుంటే బంతులన్నీ ఒక వైపే చేరిపోవచ్చు. ఒక స్టేషన్ పెట్టె ఖాళీ అయి పిల్లలు దిక్కులు చూస్తారు. నిజంగానూ అలా అయ్యేది. అప్పుడు సిగ్నల్ సిబ్బంది వచ్చి, లెక్క రాసుకుని బంతులను అటు నుంచి ఇటు మార్చేవారు. మీ జేబులో రెండో చెవి అందుకే.

గంటలు

చాలా సర్కారు బడుల్లో గంట అంటే వేలాడదీసిన పట్టా ముక్కే. అది ఒక స్టేషన్‌కు ఇవ్వండి. రెండో దానికి వేరే చప్పుడొచ్చే ఇనుప రేకు కట్టండి. రెండూ ఒకేలా మోగితే ఎవరు కొట్టారో తెలియదు.

ఒక దెబ్బ అంటే 'వినండి', ఫోను ఎత్తండి. రెండు: లైన్ క్లియర్ ఇస్తారా? మూడు: రైలు సెక్షన్‌లోకి వచ్చింది. నాలుగు: రైలు సెక్షన్ దాటి పూర్తిగా చేరింది. ఐదు: ఇందాక కొట్టింది రద్దు. ఆరు: ప్రమాదం, అడ్డం ఉంది. విన్నవాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి, అప్పుడే విన్నట్టు లెక్క. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకోమనండి. మూడు, నాలుగు గబగబా కొడితే కలిసిపోతాయి, ఆ రెంటికీ తేడా ఒక రైలు సెక్షన్‌లో ఉందా లేదా అన్నంత పెద్దది.

గంటతో పాటు మాట కూడా ఉంది. ఫోన్‌లో లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు మాస్టర్ ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి. ఆయన ముందున్న కాగితం మీద రెండంకెల నంబర్లు వరస లేకుండా ఉంటాయి. ఒకటి చెప్పి, దాన్ని కొట్టేస్తాడు. అవతలివాడు రాసుకుంటాడు. రేపు "నేను ఇయ్యలే" అనడానికి వీల్లేదు. ప్రతి స్టేషన్‌లో ఒక లాంగ్ నోటుబుక్ రిజిస్టరు పెట్టి, గంట కొట్టిన టైము, నంబరు అన్నీ రాయించండి. రాసేవాడు వేరు, గంట కొట్టేవాడు వేరు అని పెట్టకండి. ఒక్కడే రెండూ చేస్తేనే వేగం తగ్గుతుంది, ఇక్కడ మనకు కావలసింది అదే.

ఇంజను

ఇంజను పని ఇద్దరిది, నడిపే డ్రైవరు, బొగ్గు వేసే ఫైర్‌మన్. మీటర్ గేజ్‌లో ప్యాసింజరు రైళ్లకు దేశమంతా నడిచిన వైపీ ఇంజను బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. మన కాగితపు బాయిలర్‌కూ అదే పైహద్దు పెడదాం.

అట్ట మీద డయల్ గీసి మేకుతో ముల్లు బిగించండి, సున్నా నుంచి 210 దాకా అంకెలు. పక్కన అడ్డగీతలు పది గీసిన లీటరు ప్లాస్టిక్ సీసా. అది గేజ్ గ్లాస్, బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపే గాజు. పక్కన నీళ్ల బకెట్, గిన్నె, గులకరాళ్ల కుప్ప. ఇవన్నీ పాత తోపుడు బండి మీద పెడితే ఇంజను తయారు. మొదలయ్యేటప్పుడు ఒత్తిడి 180, నీళ్లు ఏడో గీత.

ప్రతి పది వేతలకు ఒకసారి ఆగి లెక్క చూడాలి. రివర్సింగ్ లీవర్ (సిలిండర్‌లోకి ఎంత ఆవిరి పోవాలో తేల్చేది) పూర్తిగా ముందుకు ఉంటే రెండు గీతల నీళ్లు ఒంపేయాలి, 20 పౌండ్లు తగ్గించాలి. వెనక్కి లాగి ఉంటే ఒక గీత, 10 పౌండ్లు. ఒక గులకరాయి వేస్తే 15 పౌండ్లు పెరుగుతుంది, కానీ వెంటనే కాదు, రెండు లెక్కల తర్వాత. బొగ్గు అంటుకోవడానికి టైము పడుతుంది కదా. ఒకే లెక్కలో రెండు కన్నా ఎక్కువ వేస్తే మిగతావి వృథా, చిమ్నీలోంచి నల్లపొగ. బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ తిప్పితే రెండు గీతల నీళ్లు వస్తాయి, చన్నీళ్లు కలిసినందుకు 10 పౌండ్లు పోతాయి. 210 దాటితే సేఫ్టీ వాల్వ్ లేచి బుస్సుమంటుంది: ఒక గీత నీళ్లు పారబోసి ముల్లు 200కు తేవాలి. 120 కిందికి పడితే రైలు నడుమ దారిలో ఆగిపోతుంది. నీళ్లు రెండో గీత కిందికి పోతే ఆట అయిపోయినట్టే.

ఏమీ చేయకుండా నడిపితే అవతలి స్టేషన్ చేరేలోపే నీళ్లూ అయిపోతాయి, ఆవిరీ పడిపోతుంది. కావాలంటే ముందు అలా ఒకసారి నడపనివ్వండి. ముల్లు పడిపోయాక గులకరాళ్లు వేస్తే లాభం లేదని, కొంచెం కొంచెంగా ముందు నుంచే వేయాలని ఫైర్‌మన్‌కు వాడికై వాడికే తెలిసొస్తుంది. నిజం ఫైర్‌మన్‌కు చెప్పే మాటా ఇదే: తక్కువ వెయ్యి, తరచూ వెయ్యి.

నీళ్ల సంగతి మాత్రం వాళ్ల అనుభవానికి వదలకండి, కూర్చోబెట్టి చెప్పండి. బాయిలర్‌లో నిప్పు పెట్టె పైకప్పు ఎప్పుడూ నీళ్ల కిందే ఉండాలి. నీళ్లు తగ్గి ఆ రేకు తేలితే ఎర్రగా కాలి మెత్తబడుతుంది, పైన ఒత్తిడి దాన్ని చించేస్తుంది, బాయిలర్ పేలుతుంది. అందుకే ఆ రేకులో సీసం నింపిన ఫ్యూజిబుల్ ప్లగ్ ఉంటుంది. నీళ్లు తగ్గగానే రేకు కన్నా ముందు సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్ముతుంది. అక్కడా అదే ఆలోచన, పాడైతే ఆగే వైపే పడాలి. డ్యూటీ ఎక్కగానే డ్రైవరు మొదట చూసేది ఒత్తిడి కాదు, గేజ్ గ్లాస్. చూసి ఊరుకోడు, కింది కాక్ తెరిచి నీళ్లు వదిలి, మూశాక మళ్లీ చురుగ్గా పైకి లేస్తాయో లేదో చూస్తాడు. లేవకపోతే దారి మూసుకుపోయింది, గాజులో కనిపించే నీళ్లు అబద్ధం. నిప్పు వేయడమూ ఆదరాబాదరా పని కాదు. చల్లారిన పెద్ద ఇంజనుతో పొద్దున రైలు నడపాలంటే రాత్రే నిప్పు వేయాలి, బాయిలర్ మెల్లగా వేడెక్కకపోతే లోపలి బోల్టులు, రేకులు దెబ్బతింటాయి.

బ్రేకు కోసం ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక సన్న తాడు. డ్రైవరు ఒక కొస, గార్డు ఒక కొస పట్టుకుంటారు. తాడు బిగువుగా ఉన్నంతసేపే పెట్టెలు నడవాలి, వదులైతే ఉన్నచోటే ఆగాలి. వ్యాక్యూమ్ బ్రేకు పని అదే. పైపులో గాలి లేనంతసేపు బ్రేకు విడిచి ఉంటుంది. డ్రైవరో గార్డో గాలి వదిలినా, పైపు తెగినా బ్రేకు పడుతుంది.

రైలు నడపడం

జడ్చర్లలో ప్యాసింజరు సిద్ధంగా ఉంది. మాస్టర్ ఒక దెబ్బ కొడతాడు, మహబూబ్‌నగర్ ఒకటి తిరిగి కొడుతుంది. ఫోన్‌లో రైలు పేరు చెప్పి లైన్ క్లియర్ అడుగుతాడు, రెండు దెబ్బలు. మహబూబ్‌నగర్ మాస్టర్ వెంటనే ఊ అనకూడదు. ముందు వచ్చిన రైలు పూర్తిగా చేరిందా, తన ఔటరు లోపల నాలుగు వేతలు ఖాళీగా ఉన్నాయా అని లేచి నిలబడి చూడాలి. చూశాక ప్రైవేట్ నంబరు చెప్పి రెండు దెబ్బలు. కరెంటు పిల్లాడు చెవి తెచ్చి జడ్చర్లకు ఇస్తాడు. బంతి బయటికి వస్తుంది.

బంతిని గుడ్డ సంచిలో వేసి పాత సైకిల్ టైరుకు కట్టండి. పాయింట్లు చూసుకునే పాయింట్స్‌మన్ దాన్ని చెయ్యి చాపి పట్టుకుంటే, ఫైర్‌మన్ బండి పోతుండగానే మోచేయి టైరులోకి దూర్చి అందుకోవాలి. ఇది ఎంతసేపైనా ఆడతారు, ఆడనివ్వండి. కానీ అందుకున్న వెంటనే సంచి విప్పి, బంతి మీద పేర్లు గట్టిగా చదవాలి. చదవకుండా ముందుకు పోతే రైలును వెనక్కి పిలవండి.

స్టార్టరు వంగింది. డ్రైవరు "స్టార్టర్ ఆఫ్" (రైల్వే మాటలో ఆఫ్ అంటే 'పో' అని) అని అరవాలి, ఫైర్‌మన్ తానూ చూసి అదే మాట తిరిగి అనాలి. ఇద్దరి మాట కలవకపోతే బండి కదలదు. ఇప్పటి కరెంటు ఇంజన్లలోనూ లోకో పైలట్, అసిస్టెంటు ఇలాగే ప్రతి సిగ్నలూ పలుకుతారు. గార్డు పచ్చ జెండా ఊపాక విజిల్, బ్రేకు విడుపు, సిలిండర్ డ్రెయిన్ కాక్‌లు తెరవడం. చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరవుతుంది, నీటిని నొక్కడం కుదరదు, అది బయటికి పోకపోతే సిలిండర్ మూతే పగులుతుంది. స్టేషన్ నుంచి కదిలేటప్పుడు బొగ్గు ఇంజను పక్కల నుంచి తెల్లగా చిమ్మేది అదే. పిల్లలు నోటితో బుస్సు మనొచ్చు. రివర్సింగ్ లీవర్ పూర్తిగా ముందుకు, ఆవిరి వదిలే పిడి, అంటే రెగ్యులేటర్, కొంచెం. చక్రాలు కొన్ని చుట్లు తిరిగాక కాక్‌లు మూసి, లీవర్ మెల్లగా వెనక్కి.

రైలు స్టార్టరు దాటగానే జడ్చర్ల మూడు కొడుతుంది. దారిలో గేటు వస్తే దానికి ముందు విజిల్ బోర్డు, పొడుగు విజిల్. రైలు అదుపు తప్పి గార్డు బ్రేకు కావాలంటే మూడు పొట్టి విజిళ్లు.

మహబూబ్‌నగర్ ఔటరు అడ్డంగా ఉంటే ఆగాలి, ఎంతసేపైనా. చేరాక ఫైర్‌మన్ బంతి సంచి ఇస్తాడు. మాస్టర్ దాన్ని పెట్టెలో పడేసే ముందు రైలు చివర ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) అని రాసిన బోర్డు కళ్లతో చూడాలి. చూశాకే నాలుగు దెబ్బలు. కరెంటు చెవి వెనక్కి పోతుంది.

ఇక పాడు చేయండి

రైళ్లు సాఫీగా నడవడం మొదలైందంటే చెడగొట్టే టైము వచ్చినట్టు. రైలు మధ్యలో ఉండగా చివరి పెట్టె పిల్లను చెవిలో చెప్పి గార్డుతో సహా సెక్షన్‌లోనే ఆగిపొమ్మనండి, తాడు బిగువు పోకుండా దాని కొస ముందే ముందున్న పెట్టెకు కట్టి ఉంచండి. ముందు సగం చేరింది, బంతి చేరింది, ఎల్‌వీ బోర్డు చేరలేదు. మాస్టర్ బంతి చూసి నాలుగు కొట్టేస్తాడా? కొట్టేస్తే తర్వాతి రైలును వదిలి చూడండి. ఆగిపోయిన పెట్టె దగ్గర అందరికీ అర్థమవుతుంది. ఇంకోసారి వేరే సెక్షన్ బంతి, అంటే మహబూబ్‌నగర్, దేవరకద్ర అని రాసినది, జడ్చర్ల పెట్టెలో వేసి ఉంచండి.

చివరగా వాన రాత్రి. దీనికి ముందు పిల్లలకు నిజం జరిగింది చెప్పండి. 1956 వానాకాలంలో ఈ జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్యనే వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరులో ఇంకో ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. టోకెన్ సరిగ్గా ఉన్నా, సిగ్నలు సరిగ్గా పడినా, కింద పట్టా లేదని ఆ రెండూ చెప్పలేవు. అది చెప్పేది వానలో లాంతరు పట్టుకుని నడిచే పెట్రోల్‌మన్ ఒక్కడే.

సాయంత్రం చీకటి పడ్డాక ఇది ఆడండి. సెక్షన్ మధ్యలో రెండు చాక్‌పీసు గీతల మధ్య 'వంతెన లేదు'. పెట్రోల్‌మన్ చేతిలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి, గాలి ఊదిన పేపరు కవర్లు నాలుగు. అవే రైలు పటాకాలు, అంటే డెటొనేటర్లు. మీటర్ గేజ్‌లో అడ్డం నుంచి 400 మీటర్ల దగ్గర ఒకటి, 800 మీటర్ల దగ్గర మూడు పెట్టాలి. మన లెక్కలో నాలుగు వేతలు, ఎనిమిది వేతలు. ఏ వైపు నుంచి రైలు వస్తుందో తెలియదు కాబట్టి ముందు ఏ వైపు పరుగెత్తాలో వాడే తేల్చుకోవాలి, ఆ ఆలోచన వాడికే వదలండి. కవరు పగిలిన చప్పుడు వినగానే డ్రైవరు ఆగాలి. స్టేషన్‌లో ఆరు దెబ్బలు మోగాలి.

అసలుది చూడాలంటే

ఆడిన పిల్లలు నిజం బొగ్గు ఇంజను ఎక్కడుందని అడుగుతారు. మనకు అందుబాటులో ఉన్నది నీలగిరి. శబరి ఎక్స్‌ప్రెస్ నల్లగొండ మీదుగానే పోతుంది, కోయంబత్తూరులో దిగితే మేట్టుపాళయం దగ్గరే. అక్కడి నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైను, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ దాటాక కూనూరు దాకా 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు. పట్టాల మధ్య పళ్ల పట్టా ఉంటుంది, ఇంజను పళ్ల చక్రంతో దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. కూనూరు పైన డీజిల్ ఇంజను కాబట్టి, డబ్బులు లెక్క చూసుకునేవాళ్లు మేట్టుపాళయం, కూనూరు ముక్క చూస్తే చాలు. ఇప్పుడు అక్కడి ఆవిరి ఇంజన్లలో కొన్నిట్లో నూనె మండిస్తారు, బొగ్గు పార కనిపించకపోతే పిల్లలు నిరాశపడకుండా ముందే చెప్పండి. సీట్లు తక్కువ, రిజర్వేషన్ తెరిచిన రోజే చేయండి.

ఎక్కేటప్పుడు ఇంజను వెనక నుంచి తోస్తుంది. డ్రైవరుకు ముందు దారి కనపడదు. అందుకే ప్రతి పెట్టె మీదా ఒక బ్రేక్స్‌మన్ నిలబడి, ముందు పెట్టె వాడి జెండా చూసి తన జెండా ఊపుతాడు, అలా మాట వెనక్కి ఇంజను దాకా పోతుంది. పిల్లలు ఇంజను పక్క పెట్టె కావాలని గొడవ చేస్తారు. సగం మందిని ముందు పెట్టెలో కూర్చోబెట్టి, మొదటి జెండా ఎప్పుడు లేచిందో రాసుకోమనండి. వెనక కూర్చున్నవాళ్లు బ్రేకు ఎప్పుడు పడిందో రాస్తారు. కూనూరులో దిగాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి.